రాజోలు గడియారం తప్పు పట్టబోయి

ఫిబ్రవరి 10, మంగళవారం. హాజరు: నేను, రాజోలులో డేవిడ్ గారు, కుట్టు టీచరుగా రిటైరైన ఆయన భార్య కరుణమ్మ గారు.

డేవిడ్ గారూ నేనూ ఒకే ప్రయోగశాలలో గడియారాల పని చూసి రిటైరైనవాళ్లం. అమలాపురంలోని నా గడియారాన్ని, రాజోలులోని ఆయన గడియారంతో ఉపగ్రహం ద్వారా సరిపోల్చడం ఇప్పుడు మా కాలక్షేపం. ఉపగ్రహం చెప్పిన సమయాన్ని ఎవరికి వారు నమ్మేయడం ఒక పద్ధతి. ఒకే ఉపగ్రహాన్ని ఇద్దరం ఒకే నిమిషంలో చూసి తేడా తీయడం మా పద్ధతి. ఇందులో ఉపగ్రహం తప్పు కొట్టుకుపోయి మన తప్పు మిగులుతుంది. నెల రోజులుగా వంద నానోసెకన్లు మిగులుతోంది. నానోసెకనంటే సెకనులో వందకోట్లవ వంతు. ఎవరి పరికరం తప్పయితే వారు ఆదివారం పెన్షనర్ల సమావేశంలో లేచి ఒప్పుకోవాలని పందెం వేసుకున్నాం.

ఉదయం 7.10 బస్సెక్కాను. ఒళ్లో రిసీవరు, యాంటెన్నా, కేబులు చుట్ట.

"డిష్షులు బాగుచేస్తారాండీ?" అన్నాడు కండక్టరు.

"గడియారం సరిచేయడానికి వెళ్తున్నానండి."

"ఆయ్! మా బస్సుది కూడా చూడండి, రోజూ లేటే."

అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ అడ్డం తిరిగింది. 9.20కి రాజోలు చేరాను.

"నానోసెకన్లు లెక్కపెట్టే మనిషి గంట లేటుగా వచ్చేరేంటండీ, మూర్తి గారూ?" అన్నారు డేవిడ్ గారు గేటు దగ్గరే.

రెండు యాంటెన్నాలూ ఆయన డాబా మీద పక్కపక్కనే పెట్టి, రెండు రిసీవర్లనూ ఆయన గడియారానికే కలిపాం. ఇక రెండూ ఒకటే చెప్పాలి. రొయ్యల వేపుడుతో భోజనం చేసి, రెండింటికి చూశాం. అదే వంద!

"మీదేనండి తప్పు."

"కాదండి, మీదే."

టీ వేళ దాకా ఇదే.

"తీగ పొడవును బట్టి కూడా ఆలస్యమౌద్దన్నారు కదండీ, కొలిచేరా?" అన్నారు కరుణమ్మ గారు.

"ఆ ఆలస్యం తీసేయడానికి పొడవు రిసీవర్లలో రాసే ఉందమ్మా. ఇద్దరివీ ముప్పై మీటర్లే" అన్నాను.

ఆవిడ కుట్టు టేపు తెచ్చి వసారాలో కొలిచారు. డేవిడ్ గారిది ముప్పై.

"అన్నయ్యగారూ, మీది యాభై అండి. ఇదే జాకెట్టయితే గుడ్డంతా పాడైపోయేది."

మీటరుకు ఐదు నానోసెకన్లు. ఇరవై మీటర్లకు వంద. డేవిడ్ గారు నవ్వలేదు.

"ఆదివారం సమావేశం పదింటికేనాండీ?" అన్నారంతే.

సాయంత్రం 5.30 బస్సులో తిరిగొచ్చాను. ఇలాంటి పని మీద రాజోలు వెళ్లేవారు ఇంటి దగ్గరే టేపు పెట్టి చూసుకుని బయలుదేరడం మేలు.

మరునాడు ఉదయం డైరీ వెనక్కి తిప్పాను.

"జనవరి 8: కొబ్బరి మట్టలు అడ్డొస్తున్నాయని యాంటెన్నాను మేడ అవతలి మూలకు మార్చి, పొడవు కేబులు వేశాను. రిసీవరులో పొడవు మార్చాలి."

"జనవరి 9: రాజోలు గడియారం వంద నానోసెకన్లు తప్పింది. డేవిడ్ గారికి ఈమధ్య అశ్రద్ధ ఎక్కువైంది."