స్టాంపు కాగితం మీద బావగారు

మా మేరీరత్నం అక్కకు పెళ్ళి చేసింది నేనే. ఆమె మొగుణ్ణి చంపిందీ నేనే. రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే స్టాంపు కాగితం మీద, అక్కకు తెలియకుండా. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధమూ ఆడకుండా, నిండు నమ్మకంతో చేశాను. అందుకే అంత గోల అయింది. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

అరవైల్లో మాట. బర్మాలో ఉన్న మనవాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కి వచ్చేస్తున్న రోజులు. మా పెదనాన్న కూతురు మేరీరత్నం అక్క కూడా అలాగే వచ్చి, మనుబోలులో వాళ్ళ అన్న ఇంట్లో దిగింది. చిన్నప్పుడే ఆయన వెంట రంగూన్ వెళ్ళి, అక్కడే చదువుకుని, అక్కడే నర్సయిన మనిషి. తెచ్చుకున్న ఆస్తి ఒక ట్రంకుపెట్టె, అందులో నర్సు సర్టిఫికెట్టు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ఆ రాత మనకు లేదులే" అని నవ్వి లేచిపోయేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నన్ను ముంచింది ఇదే.

నెల్లూరులో ఒక ఆసుపత్రి డాక్టరమ్మ అక్కను చూసి ముచ్చటపడింది. "నీ రంగూన్ సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లుతుందని హైదరాబాదు నర్సింగు కౌన్సిలు నుంచి కాగితం తెచ్చుకో. అందాకా నీ ఉద్యోగం అట్టి పెడతాను. మరీ ఆలస్యమైతే మాత్రం ఇంకొకరికి ఇచ్చేయక తప్పదు" అంది.

అక్క సర్టిఫికెట్టు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. రాదా మరి! నేను అప్పటికే టైపు హయ్యరు పాసై, నెల్లూరులో ఒక వకీలు గారి దగ్గర టైపిస్టుగా చేరి ఉన్నాను. వకీలు గారి పక్కన కూర్చుంటే సగం లా దానంతట అదే వచ్చేస్తుందని నా నమ్మకం. ఆ సగం ఏ సగమో తర్వాత తెలిసింది.

"సుందరం, ఇది పోతే నాకు బతుకు లేదురా. అన్న ఏమీ అనడు. వదినా ఏమీ అనదు. అయినా ఎన్నాళ్ళని వాళ్ళ కంచంలో తినేది?" అంది అక్క.

"నువ్వు మనుబోలు పొయ్యి ప్రశాంతంగా పడుకో అక్కా. నేనుండాను గదా!" అన్నాను.

సర్టిఫికెట్టులో పైన బర్మా అక్షరాలు. మన తెలుగు అక్షరాలకు పినతల్లి పిల్లల్లాగా గుండ్రంగా ఉంటాయి, కానీ ఒక్కటీ పలకరించదు. కింద ఇంగ్లీషులో పేరు: డా మేరీరత్నం. దానికి నకళ్ళు టైపు కొట్టి, గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకాలు చేయించి, ఇక్కడి చర్చి ఇచ్చిన బాప్తిస్మం పత్రం జత చేసి పంపాను. హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. బాప్తిస్మం పత్రంలో యు. మేరీరత్నం అని ఉంది, రంగూన్ సర్టిఫికెట్టులో డా మేరీరత్నం అని ఉంది, ఇద్దరూ ఒకరే అని రుజువేమిటి అని.

న్యాయమైన ప్రశ్నే. మా ఇంటిపేరు ఊటుకూరు, అందుకే పొడి అక్షరం యు. మరి ఈ డా ఎక్కడిది? ఇక్కడ నా సగం లా మేలుకొంది. మన తెలుగువాళ్ళకు పేరు ముందర ఉండేది ఇంటిపేరు. ఆడపిల్ల ఇంటిపేరు మారేది ఒకే ఒక్క కారణానికి. అంటే అక్క రంగూన్‌లో డా వారి ఇంటి కోడలైంది! మరి ఒంటరిగా ఎందుకొచ్చింది? పాపం, ఆయన పోయాడు. అందుకే ఆ పిచ్చి నవ్వు, అందుకే "ఆ రాత మనకు లేదులే"! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం చూడని బావ కోసం ఆ మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చేయలేదు నేను.

ఆమెను అడిగి పుండు రేపడం ఎందుకని, నేనే మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్టు దాఖలు చేశాను. ఈమె నా అక్క, రంగూన్‌లో డా వారి కుటుంబీకుణ్ణి పెళ్ళాడింది, సదరు డా తర్వాత కాలధర్మం చెందాడు అని. వకీలు గారు ఊళ్ళో లేరు. ఉండి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మేజిస్ట్రేటు గుమాస్తా కాగితం చూసి, "డా అంటే డాక్టరా అబ్బయ్యా?" అన్నాడు.

"కాదండీ, ఇంటిపేరు."

"ఎప్పుడూ వినలేదే!"

"విదేశీ సంబంధం లెండి" అన్నాను గర్వంగా.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట పెళ్ళి లేదు పేరంటం లేదు, మొగుడి పేరు డా.

హైదరాబాదు నుంచి మళ్ళీ ఉత్తరం: అయితే సదరు భర్త మరణ ధ్రువపత్రం పంపండి. రంగూన్‌లో పోయిన మనిషికి నెల్లూరులో మరణ పత్రం ఎవడిస్తాడు? ఆలోచించగా ఆలోచించగా మనుబోలు పాస్టరు అయ్యగారు గుర్తొచ్చారు. ఆయనకు రంగూన్ తెలుగు చర్చివాళ్ళతో ఉత్తర ప్రత్యుత్తరాలున్నాయి. బావ క్రైస్తవుడైతే సమాధుల రిజిస్టరులో దొరక్కపోతాడా అని పరుగెత్తాను.

అయ్యగారు విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయమ్మ ఇంత దుఃఖం మోస్తా ఉండాదా? మనకెవురికీ తెలవనే లేదే నాయనా!"

"ఎవురికీ చెప్పబాకండయ్యగారూ. అక్క తట్టుకోలేదు."

"మనుషులకు ఎందుకు చెప్తాను? ప్రభువుకు మాత్రమే చెప్తాను" అన్నారాయన.

ఆదివారం ఆయన ప్రభువుకు చెప్పారు. గట్టిగా, గుడినిండా జనం ఉండగా, ప్రార్థనలో. "పరాయి దేశంలో భర్తను పోగొట్టుకుని, ఆ దుఃఖం గుండెల్లో దాచుకుని తిరిగొచ్చిన మా విధవరాలైన సహోదరి మేరీరత్నమ్మను ఆదరించు తండ్రీ! నీ దాసుడైన డా గారి ఆత్మకు విశ్రాంతినియ్యి!"

అందరూ ఆమేన్ అన్నారు, అక్క తప్ప. వెనక వరసలో కూర్చున్న చిట్టెమ్మ అవ్వ ప్రార్థన ముగిసీ ముగియకముందే ముందుకు వంగి, "ఏమ్మే, మొగుడు పొయినదానివి, ఆ పూల చీరేందమ్మే?" అంది.

అక్క నా ముఖం చూసింది. నేను కళ్ళు మూసుకుని ఇంకో ప్రార్థన మొదలుపెట్టాను. చెవి పట్టుకుని గుడి వెనకకు లాక్కుపోయింది.

"ఎవుర్రా ఆ డా?"

"బావ..."

"ఏ బావ?"

"రంగూన్ బావక్కా. నువ్వు దాచినా నేను కనిపెట్టినాను. ఏడ్చెయ్ అక్కా, బరువు దిగుద్ది."

"నిన్ను ఏడిపిస్తే దిగుద్ది! నాకు పెళ్ళెప్పుడయిందిరా?"

"మరి సర్టిఫికెట్టులో డా ఇంటిపేరు..."

అక్క మెల్లగా, పసిపిల్లలకు పలక పట్టించినట్టు చెప్పింది. "డా అంటే గారురా!"

"ఏ గారు?"

"ఏ గారూ గాదు, ఉత్త గారే! బర్మావోళ్ళు గారును పేరుకు ముందర పెడతారు. ఆడోళ్ళకు డా, మగోళ్ళకు ఊ. నేను మన ఊటుకూరుకు యు అని రాస్తే, వాళ్ళు దాన్ని ఊ అని చదివి, మేరీ అని పేరు పెట్టుకున్న ఈ మగాయనెవరని పడీ పడీ నవ్వినారు. ఆ యు కొట్టేసి డా పెట్టినారు. నన్ను ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని గదరా!"

కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళను చూశాం. సమాధులు తవ్వి గారును పట్టబోయింది నేనొక్కణ్ణే.

అంతదాకా కోపంగా ఉన్న అక్క ఉన్నట్టుండి గోడకానుకుని ఏడ్చింది. "డాక్టరమ్మ ఇంకెన్నాళ్ళు ఆగుద్దిరా? ఉండే ఒక్క కాగితాన్నీ నవ్వులపాలు చేసినావే!" నాకు చెవి నొప్పి కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. భూమి చీలితే దూరిపోయేవాణ్ణి.

మర్నాడు వకీలు గారి కాళ్ళమీద పడ్డాను. ఆయన అంతా విని, నవ్వు ఆపుకోలేక గ్లాసెడు నీళ్ళు తాగి, కొత్త అఫిడవిట్టు చెప్పారు. మొదటిదానిలో చెప్పిన భర్త పొరపాటున పుట్టాడు, పొరపాటునే పోయాడు, డా అనేది ఇంటిపేరు కాదు, గౌరవవాచకం అని. సంతకం చేసి, "ఒక్క అక్షరం కలిపినావంటే ఉద్యోగం ఊడుద్ది" అని హెచ్చరించారు కూడా.

అక్షరం కలపలేదు. వేరే కాగితం మీద ఒక వివరణ మాత్రం జతచేశాను. హైదరాబాదు వాళ్ళకు మళ్ళీ సందేహం రాకూడదని నా తాపత్రయం. "డా మేరీరత్నం అనగా గారు మేరీరత్నం అని గ్రహించగలరు" అని రాశాను.

గ్రహించారు. ఉద్యోగం ఇంకొకరికి పోకముందే కాగితం వచ్చింది. రంగూన్ సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లుతుంది, మనదేశంలో నర్సుగా పనిచేయవచ్చు. పేరు: జి. మేరీరత్నం.

"ఈ జి ఏందిరా?" అంది అక్క.

"గారు" అన్నాను నేల చూస్తూ. "ఇంకొక్క అఫిడవిట్టు ఏస్తే సరిపోద్దక్కా..."

అక్క కాగితాన్ని జాకెట్టులో దోపుకుంది. "చెయ్యేసినావంటే ఈ తడవ నిజం చావే జరుగుద్ది" అంది.

రిటైరయ్యేదాకా అక్క ఆ ఆసుపత్రిలో జి. మేరీరత్నంగానే పనిచేసింది. జి అంటే ఏమిటని కొత్తగా వచ్చిన డాక్టర్లు అడిగితే, మా తమ్ముడు పెట్టిన ఇంటిపేరు అని చెప్పేది.

కనుక, ఊటుకూరు సుందరరావు అనే నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేసి చెప్పునదేమనగా: ఇకమీదట ఎవరికీ అడగకుండా పెళ్ళి చేయను, చేసినా పెళ్ళికొడుకును చంపను, చంపినా అతని ఆత్మశాంతికి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళను. ఈ ప్రమాణం కూడా నోటిమాటగానే చేస్తున్నాను. కాగితం మీద పెట్టమంటే మాత్రం, మా అక్క వద్దంది.