మందు సీసాల ముందు కదిరమ్మ

కదిరమ్మకు ఇంగ్లీషు పరీక్ష పెడతామన్న రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పరీక్ష ఆమెకు, గుబులు నాకు. ఏం చేస్తాం, ఆమెను ఆ పనిలో పెట్టించింది మా ఆయనే.

మా ఆయన జయరామప్ప కృష్ణగిరిలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రికి కాంపౌండరు. మా కాపురం దాని వెనకే. కదిరమ్మది వేప్పనపల్లి పక్క పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. మొగుడు అంకప్ప రోడ్డు పనిలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడితే, ఉన్న గొర్రెలు అమ్ముకుని పందొమ్మిది వందల యాభై ఏడులో ఇక్కడ ఆయాగా చేరింది. ఊడ్చి గుడ్డలుతికే మనిషికి ఇంగ్లీషెందుకంటారేమో. నర్సుకు చేయి ఖాళీ లేనప్పుడు బీరువాలోంచి మందు తెచ్చివ్వాలి మరి. ముందున్న ఆయా ఒక సీసాకు బదులు ఇంకోటి తెచ్చింది. నర్సు చూసుకుంది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి డాక్టరమ్మ పట్టు పట్టింది. సీసా మీది ఇంగ్లీషు చదివితే ఉద్యోగం, లేకపోతే ఉగాదికి ఇంటికి.

ఆ చదువు చెప్పే పని మా ఆయన మీద పడింది. ఆయన చెప్పే తీరు నాకెన్నడూ నచ్చలేదు. సీసా ఎత్తి చూపడం, తాను గట్టిగా అనడం, ఆమె చేత అనిపించడం. కదిరమ్మ గడగడా అప్పజెప్పేది. ఏకసంథాగ్రాహి అని ఈయన మీసం దువ్వుకునేవాడు.

పరీక్ష దగ్గర పడగానే సేలం నుంచి కొత్త సరుకు వచ్చింది. అన్నీ ఒకే రకం గోధుమరంగు సీసాలు. వాటి ముందు కదిరమ్మకు నోరు పెగల్లేదు.

"ఇన్నాళ్ళు చదివిందంతా యాడికి పోయింది?" అని మా ఆయన కసురుకున్నాడు.

అప్పుడు బయటపడింది. ఆమె ఒక్క అక్షరమూ చదవలేదు. మందలో ఏ గొర్రె ఎవరిదో మొహం చూసి చెప్పే ఇంట్లో పుట్టింది కదా, సీసాల్నీ అట్లాగే మొహం చూసి పోల్చుకుంది. పొట్టిది, మెడ సన్నది, మూత చిట్లింది. మోసం చేయాలని కాదు, చదవడమంటే అదేననుకుంది. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ కొత్త సీసాల వైపు చూశాను. కంటి మందు సీసా, పుండ్లకు పూసే టింక్చరు సీసా ఇప్పుడు అచ్చం ఒకేలా ఉన్నాయి. టింక్చరు పసిబిడ్డ కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా.

మా ఆయన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోబోయాడు. కదిరమ్మ చేయి అడ్డం పెట్టింది.

"అన్నా, నువ్వు ముందు చెప్పద్దు. నువ్వు చెప్తే నీ గొంతే వినబడతా ఉంది. అక్షరం కనబడలే."

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. బాగా అయిందనుకున్నాను. అక్షరాల పేర్లు మాత్రం ఆయన్నడిగి తెలుసుకుని, ఖాళీ సీసాలు తీసుకుని మా పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుంది. ఆపైన ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఒకే ఈతలో పుట్టిన కవల గొర్రెపిల్లల్ని చెవి, గిట్ట విడివిడిగా చూసి పోల్చుకున్నట్టు, ఒక్కో అక్షరానికి కాలెక్కడ, పొట్టెక్కడ అని వేలితో తడిమేది. తప్పొస్తే తనను తానే తిట్టుకుని మొదటికొచ్చేది. నేను సంగటి పెడితే ముద్ద దిగేది కాదు.

"కండ్లు మూస్తే సీసాలే అక్కా. ఈ పని పోతే అంకప్పకు నేనేం పెట్టాల?" అనేది.

పరీక్ష నాడు నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కదిరమ్మ రవిక చెమటకు తడిసిపోయింది. నత్తనడకన ఒక్కొక్కటీ చదివింది. కంటి మందు దగ్గర ఆగిపోయింది. డాక్టరమ్మ అరవంలో సీక్రం సీక్రం అని తొందరపెట్టింది. కదిరమ్మ సీసాను రెండు చేతుల్తో పట్టుకుని, వేలు మళ్ళీ మొదటి అక్షరం మీదికి తెచ్చి, కూడబలుక్కుని, "ఆర్జిరాల్" అనింది.

"మెల్లగా చదువుతుంది. అయినా చదువుతుంది, ఉండనీ" అంది డాక్టరమ్మ. నేను ఇంటికొచ్చి ఆనందంతో ఏడ్చాను.

అదే మధ్యాహ్నం ఒక బిడ్డకు కళ్ళు పుసులు కట్టాయి. డాక్టరమ్మ ఇంటికి వెళ్ళింది, మా ఆయన సంతకు పోయాడు. కంటి మందు తెమ్మని నర్సు లోపలి నుంచి కేకేసింది. కదిరమ్మ బీరువా తెరిచి నన్ను పిలిచింది. తెలుగు తప్ప ఇంకో అక్షరం ఎరగని నేను పోయి ఏం చేయాలి? అయినా పోయాను. ఆమె బీరువా తలుపు పట్టుకుని నా వైపు తిరిగింది.

"పొద్దున తప్పు చెప్పుంటే దిద్దేదానికి డాక్టరమ్మ ఉండె. ఇప్పుడెవరుండారక్కా?"

నర్సు మళ్ళీ పిలిచింది. కదిరమ్మ ఒక సీసా చదివి పెట్టేసింది. పక్కదీ చదివింది. మళ్ళీ మొదటిదే తీసి, ఇంకోసారి చదివి, లోపలికి పోయింది. నర్సు సీసా వైపు చూడనైనా చూడకుండా అందుకుని చుక్కలు వేసింది. బిడ్డ కళ్ళు తెరిచేదాకా కదిరమ్మ ఆ మంచం పక్క నుంచి కదల్లేదు.