మా అవ్వ కలిపిన గుట్ట

పచ్చి సిమెంటు వాసన మీకెట్లా ఉంటుందో గానీ, నాకు మాత్రం అది పండగ సెలవుల వాసన. మొన్న కొత్తకోటలో నేను బట్టలు కుట్టే దుకాణం ముందు, వానొస్తే గిరాకీ చెప్పుల్నీ ఓపికనూ ఒక్కసారే పోగొట్టుకునే జాగాలో, ఒక చాప వెడల్పున గచ్చు వేయించాను. మేస్త్రీ దాన్ని తాపీతో నున్నగా రుద్ది చాయ్ తాగడానికి అటు పోయాడో లేదో, మా అవ్వ కుర్చీలోంచి లేచి వచ్చి, చేతికర్ర మొనతో ఒక మూల గుచ్చి చూసి, "నీళ్లెక్కువైనయ్ బిడ్డా. గిది గచ్చు గాదు, అంబలి" అని తీర్పు చెప్పేసింది. మేస్త్రీ తిరిగొచ్చి ఆ గుంతను చూసి కుక్క పని అనుకున్నాడు. అవ్వ నోరు మెదపలేదు, నేనూ కుక్కను వెనకేసుకు రాలేదు. ఆ తడి వాసన ముక్కుకు తగలగానే నేను పదేళ్ల పిల్లనైపోయి, తడి బట్టలతో, పళ్లు టకటకలాడించుకుంటూ, ఒక దొంగ గుట్ట కడుపులో నిలబడి ఉన్నాను.

దొంగ గుట్ట అంటే సిమెంటు గుట్ట. నేను పుట్టిన ఏడాది మా పాలమూరు దిక్కు వానలు మొహం చాటేస్తే, బాపు కాలువలు తవ్వే పనికి పరాయి రాష్ట్రం పోయాడు, అవ్వా అమ్మా నన్ను చీర ఉయ్యాలతో సహా మూట కట్టుకొని పట్నం శివారులో పనికి పోయారు. అక్కడ పిల్లలు ఆడుకునే పెద్ద పార్కు కడుతున్నారట, అందులో జలపాతం దూకే గుట్ట ఒకటి కావాలట, దాన్ని ఇనుప చువ్వలతో అల్లి పైన సిమెంటు మెత్తాలట. ఆ సిమెంటు కలిపి, తట్టకెత్తి, తల మీద మోసిన ఆడవాళ్లలో మా అవ్వ బాలమ్మ ముందు నడిచే మనిషి. పని అయిపోయే రోజు గుట్ట గుహలో తడి గోడకు నా ఎడమ పాదం ఒత్తించి వచ్చానని అవ్వ చెప్పేది. ఎందుకంటే, "రేపటి సంది గీడ కాలు పెట్టాలంటే టికెట్ అంటరట. నా మనవరాలు టికెట్ లేకుండనే అందరికంటే ముందుగాల కాలు పెట్టాలె" అని.

ఈ కథను అవ్వ ఊళ్లో ఎన్నిసార్లు చెప్పిందంటే, మా బర్రెకు కూడా కంఠతా వచ్చి ఉంటుంది. నమ్మనిది మాత్రం పక్కింటి ఎల్లమ్మవ్వ. ఇద్దరూ వరసకు వదినె మరదళ్లు, ఒకరి చుట్టకు ఒకరు నిప్పిచ్చుకునేవాళ్లు, ఒకరి మాటను ఒకరు ఆర్పేసేవాళ్లు. తంగేడు పూల వాసన, గునుగు పూలకు అద్దిన రంగుల తడి, అరుగు మీద ఆరబోసిన నువ్వుల కమ్మదనం కలగలిసే బతుకమ్మ సాయంత్రాల్లో, అవ్వ గుట్ట మాట ఎత్తడమే ఆలస్యం, ఎల్లమ్మవ్వ పూలు పేర్చడం ఆపి, "గుట్టలు దేవుడు కడ్తడు వదినె, నువ్వు పిడకలు కడ్తవు" అనేది. అమ్మ మధ్యలో దూరి, "నిజమే చిన్నత్తా, గా దినం పోరి కాలికి సిమెంటంటుకొని ఉండె, నేను అత్తను తిట్టిన గూడ" అని సాక్ష్యం చెబితే, "అత్తకు కోడలి సాక్ష్యం యాడన్న చెల్లుతదా?" అని కొట్టిపారేసేది. అందరూ నవ్వేవాళ్లు. అవ్వ కూడా నవ్వేది గానీ, ఆ రాత్రి నా ఎడమ పాదాన్ని ఒళ్లో పెట్టుకొని ఊరికే నిమురుతూ కూర్చునేది. ఊరందరి ఇళ్లకూ మట్టి మోసిన మనిషి, తనదని చెప్పుకున్నది ఆ ఒక్క గుట్టే.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఊరూరా బతుకమ్మ మైకుల్లో హోరెత్తిన ఏడాది, బాపు పండక్కి ముందే ఇంటికొచ్చాడు. వచ్చిన మూడో రోజే ఒక జీపు కిరాయికి మాట్లాడి, "నడువుండ్రి, అవ్వ గుట్ట సూసొద్దాం" అన్నాడు. ఎల్లమ్మవ్వ పిలవకుండానే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "కాలు దొరకలేదో వదినె, మళ్ల జన్మల గుట్ట పేరెత్తొద్దు. నలుగురి ముందట ఒట్టు వెయ్యి." అవ్వ జీపు తలుపు మీద చెయ్యి కొట్టి ఒట్టు వేసింది. నేను ఎడమ కాలును సీటు కిందికి ముడుచుకున్నాను. పోయేది అవ్వ మాటే గానీ, పాదం నాది కదా.

పార్కు గేటు దగ్గర బయటి తిండి లోపలికి రానివ్వమన్నారు. మేము తెచ్చిందేమో సద్ది కాదు, సంత. రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు, సత్తుపిండి, నిమ్మకాయ పులిహోర, జొన్నరొట్టెల్లో నువ్వుల పొడి. పడెయ్యడమనే మాట మా ఇంట్లో ఎవరికీ రాదు కాబట్టి, రోడ్డు పక్కన వరసగా కూర్చొని పొద్దున పది గంటలకే మధ్యాహ్నం, సాయంత్రం తిండి కూడా తినేశాం. ఎల్లమ్మవ్వ ఒక మలీద ముద్దను కాగితంలో చుట్టి రొండిన దోపుకుంది. గేటు కాడ సంచులు వెతికారు గానీ, ఎల్లమ్మవ్వ నడుమును వెతికే ధైర్యం ఎవరికుంది?

లోపల నీళ్లలోకి దిగాలంటే వేరే బట్టలు వేసుకోవాలన్నారు. అవి కూడా కిరాయికే. మందార పూల నిక్కరు తొడుక్కొని వచ్చిన బాపును చూసి నేనూ తమ్ముడు శివ నేల మీద పడి దొర్లాం, ఎందుకంటే బాపుకు మోకాళ్లుంటాయని మాకు అప్పటిదాకా తెలియదు. పాతిక అడుగుల లోతు కందకాల్లో పని చేసిన మనిషి, జారుడుబండ పైకెక్కి కిందికి చూసి, కడ్డీ పట్టుకొని, "నాకు జర పనున్నది, దిగి పోత" అన్నాడు. వెనక పిల్లలు అరుస్తుంటే శివ ఒక్క తోపు తోశాడు. బాపు కేక పట్నం దాటి మహబూబ్‌నగర్ దాకా వినిపించి ఉంటుంది. అమ్మ మాత్రం కిరాయి బట్టల పైనే చీర చుట్టుకొని, అలల కొలనులో కొంగు బిగించుకొని, ప్రతి అలనూ మీద పడే కోడలిని అత్త చూసినట్టు చూస్తూ, ఒక్కటి కూడా వదలకుండా ఎదురుపోయింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదలు వినడం. క్లోరిన్ వాసన, మొక్కజొన్న కంకుల పొగ, ఎండకు కాలిన సిమెంటు బాటల మీద మా తడి అడుగులు, అవి మేము వెనక్కి చూసేలోపే ఆరిపోవడం, ఇవన్నీ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

కానీ అవ్వకు ఇవేవీ పట్టలేదు. గుట్ట ఎదురుగా నిలబడి దిక్కులు చూస్తోంది. వాళ్లు సద్ది తిన్న తుమ్మచెట్టు లేదు, మేము అప్పుడున్న రేకుల షెడ్డు లేదు, గుట్టకేమో ఆకుపచ్చ రంగేసి ప్లాస్టిక్ తీగలు పాకించారు. గుహ చిన్నదేం కాదు, పాములాగా వంకర్లు తిరిగి ఇటు దూరి అటు తేలుతుంది, గోడ పొడుగునా గుంతలే. అందులో నా పాదం ఎక్కడని వెతకాలి? చివరికి అవ్వ, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న ఒక సిమెంటు గొడుగు కిందికి వంగి చూసి, "బోరు! గిదే మా బోరు. గీడనే మాలు కలిపేది" అని చప్పట్లు కొట్టింది. మాలు అంటే కలిపిన సిమెంటు. "గీడికెల్లి గా కాలు ఒత్తిన కాడికి నలభై రెండు అడుగులు. దినాం లెక్క పెట్టిన."

లెక్క పెడుతూ నడిచింది. జలపాతం పంపును మధ్యాహ్నం ఆపేస్తారట, నీళ్లు లేని సందు చూసి మేమంతా వెనకాలే గుహలో దూరాం. ఎర్ర కళ్ల సిమెంటు ఎలుగుబంటిని చూసి ఎల్లమ్మవ్వ కెవ్వుమంది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది... నలభై రెండో అడుగు గుహ దాటి అవతల ఐస్‌క్రీం బండి ముందు తేలింది.

"గిదేనా వదినె నీ గుట్ట? సల్లగ మంచిగున్నది" అంది ఎల్లమ్మవ్వ.

అవ్వ మొహం వాడిపోయింది. మళ్లీ నడిచింది, మళ్లీ ఐస్‌క్రీమే. బండివాడు ఆశగా చూశాడు. అవ్వ తిరిగొచ్చి బోరు పక్కన కూలబడి, తన కాళ్ల దిక్కే చూసుకుంటూ కాసేపు ఉండి, ఉన్నట్టుండి, "నెత్తి మీద బరువేది? ఉత్త నెత్తితోని నడుస్తున్న నేను!" అంది.

తల మీద తట్ట ఉంటే మెడ నిటారుగా నిలిచి, అడుగు పొట్టిదవుతుంది. ఉత్త తలతో అదే మనిషి బారలు వేస్తుంది. ఆ సంగతి మోసినవాళ్లకే తెలుస్తుంది. బాపు పరుగెత్తుకెళ్లి మేము విప్పి పెట్టిన బట్టల సంచి తెచ్చాడు. అవ్వ కొంగును చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకొని, "ఇంక జర బరువుండాలె" అంటే నీళ్ల సీసాలన్నీ నింపి అందులో పెట్టాం. సంచి నెత్తికెత్తగానే మా ముసలి అవ్వ మాయమై, ఎవరో వేరే మనిషి నిలబడింది. నడుము సర్దుకొని, కింద చూడకుండా, సంచిలోని సీసాల నీళ్లు మెడ మీదుగా కారుతున్నా లెక్క చెయ్యకుండా, చిన్న చిన్న చురుకైన అడుగులతో సాగింది. చుట్టూ జనం ఫోటోలు తీశారు. నలభై రెండు దగ్గర, ఎలుగుబంటి వీపు వెనకాల ఆగింది. సంచి దించకుండానే మోకాళ్ల మీద కూర్చొని, మోకాలెత్తున గోడ మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి మళ్లీ తీయలేదు.

"రా బిడ్డా" అంది.

దట్టమైన రంగు కింద, కంటికి కనబడదు గానీ, వేలికి తెలిసింది. ఒక గుంత, పైన అయిదు చిన్న గుంతలు. నా మూడు వేళ్లు పెడితే నిండిపోయేంత పాదం. ఎల్లమ్మవ్వ కూడా తడిమింది, కానీ అంత తొందరగా ఒప్పుకుంటే ఎల్లమ్మవ్వే కాదు. "కోతిదైతే?"

నా ఎడమ కాలి చిటికెన వేలు పుట్టుకతోనే పక్క వేలి మీదికెక్కి కూర్చుంటుంది, ఇరుకు బస్సులో పక్కవాడి ఒళ్లో కూర్చున్నట్టు. దాన్ని చూసి ఊళ్లో అందరికంటే ఎక్కువ నవ్వింది ఎల్లమ్మవ్వే. బాపు నన్ను అమాంతం ఎత్తి నా కాలు ఆమె మొహం ముందు పెట్టాడు. ఎల్లమ్మవ్వ ఒక చేత్తో నా వేలు, ఒక చేత్తో గోడలో అట్లాగే పక్కదాని మీదికెక్కిన వేలి గుంత పట్టుకొని తడుముతుండగా, ఈల వినిపించింది.

"ఏయ్, ఏం జేస్తున్నరు ఆడ? రాళ్లు ముట్టొద్దు!" కావలి మనిషి. నల్గొండ దిక్కు మనిషని మాటలో తెలుస్తోంది.

"రాయి యాడిది కొడుకా? నేను కలిపిన మాలు ఇది" అని అవ్వ గోడను తట్టింది. డొల్లగా మోగింది. అతను లాఠీతో తట్టి చూశాడు, చెవి ఆనించి మళ్లీ తట్టాడు.

"మూడేండ్ల సంది గీ గుట్టకు కావలున్న పెద్దమ్మా, నిజం గుట్టనే అనుకున్న!"

ఎల్లమ్మవ్వ రొండిన చెయ్యి పెట్టి, చెమటకు చెదిరిపోయిన మలీద ముద్ద తీసి అతని చేతిలో పెట్టింది. "తిను కొడుకా. గీ గుట్ట మా వదినె కట్టింది" అంది. అవ్వ దిక్కు మాత్రం చూడలేదు.

ఆ మలీద తిన్న మనిషి మాకు టికెట్‌లో లేని పార్కు చూపించాడు. గుట్ట వెనక ప్లాస్టిక్ తీగల చాటున ఒక తలుపు, లోపల ఇనుప మెట్లు, సిమెంటు వెనక తుప్పు పట్టిన చువ్వలు, వాటికి ఇంకా వేలాడుతున్న కట్టుతీగలు. అవ్వ ఒక్కొక్క దాన్ని చుట్టాన్ని పలకరించినట్టు తాకుతూ పైకెక్కింది. పైనుంచి చూస్తే పార్కంతా రంగుల పళ్లెంలాగా ఉంది. దిగాక పంపు గది దగ్గర, "మోటర్ ఎయ్యాల్సిన టైమైంది, నువ్వే ఎయ్యి పెద్దమ్మా" అన్నాడతను. అవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకొని మీట నొక్కింది. గుట్ట గురగురమని, దగ్గి, ఒక్కసారిగా నీళ్లు దూకాయి. కింద పిల్లలంతా కేరింతలు కొట్టారు. అవి తన కోసమే అన్నట్టు అవ్వ నిలబడి చూసింది.

సద్దుల బతుకమ్మ నాడు, ఊరి ఆడవాళ్లంతా చుట్టూ నిలబడ్డప్పుడు, ఎల్లమ్మవ్వ చప్పట్లు ఆపించి చెప్పింది: "గుట్ట బాలమ్మనే కట్టింది, నేను నా కండ్లతోని సూసిన. కానీ గుల్ల!" ఆ తర్వాత ఎన్నేళ్లు గుట్ట మాట వచ్చినా, ఆ 'గుల్ల' తోకలా వెంటే వచ్చేది.

ఇప్పుడు ఎల్లమ్మవ్వ లేదు. ఆ అరుగూ లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. శివ వ్యాను నడుపుతూ బడి పిల్లల్ని విహారయాత్రలకు తీసుకుపోతాడు. గచ్చు వేసిన రోజే వాడు ఆ పార్కు నుంచి ఫోన్ చేశాడు. గుట్టను పడగొట్టారట, దాని జాగాలో మంచు కురిసే అద్దాల మేడ కడుతున్నారట. నా మొదటి అడుగు ఏ లారీలో, ఏ చెరువు గట్టు మీదికి పోయిందో. ఈ మాట అవ్వకు ఎట్లా చెప్పాలో తెలియక, గచ్చు మీద అవ్వ చేసిన గుంతనే చూస్తూ, మెల్లగా చెప్పాను.

అవ్వ చేతికర్ర మొనకంటిన సిమెంటును గోటితో గీకింది. తర్వాత అడిగింది: "పడగొట్టనీకి ఎన్ని దినాలు పట్టిందంట?"

"పన్నెండు దినాలట అవ్వా. రెండు మిషన్లు పెట్టిండ్రట."

"పన్నెండా! రెండు మిషన్లా!" అవ్వ చేతికర్రను నేలకేసి కొట్టి, బోసి నోరంతా తెరిచి నవ్వింది. "ఎల్లమ్మ ఉండాలె గిప్పుడు. గుల్ల అన్నది గదనే!"