ముప్పై ఒక్క శాలువాలు, ఒక చెల్లో

కామరాజుకి కుడిచెవి రిటైర్మెంటుకు ముందే పోయింది. ఎడమది ఇంకా కొలువులోనే ఉందిగానీ, అదీ ఏడాదికి మించి పనిచేయదని హబ్సిగూడ డాక్టరు తేల్చేశాడు. "మిషను పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయండీ. సంగీతమంటారా, రేకుడబ్బా మోగినట్టుంటుంది," అన్నాడు. మాటలు పోతే పీడా పోయిందనుకునే మనిషికి ఇదెక్కడి న్యాయమండీ!

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, చెల్లో. వయొలిన్‌కి పెద్దన్నయ్య లాంటి వాయిద్యం, కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. భీమవరం నుంచి వచ్చి నాచారంలో ఒక ప్రయోగశాల స్టోర్సులో గుమస్తాగా చేరిన కొత్తలో, ఓ తెల్లవారుజామున రేడియోలో ఏదో విదేశీ స్టేషను తగిలి అది విన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా రేడియోలోనే వింటున్నాడు. ఉన్న చెవి కాస్తా పోయేలోగా ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలి. అంతే ఆయన కోరిక.

సిటీలో ఒక సంస్థ విదేశీ కళాకారులను చిన్నచిన్న కాలనీలకు ఉచితంగా పంపుతుంది. షరతల్లా స్థానిక భాగస్వాములుండాలి. కామరాజు కాలనీ సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. ఉగాది పచ్చడి పంచడం తప్ప అంతవరకూ ఏ సంస్కృతినీ ఉద్ధరించిన పాపాన పోలేదు. ఆయన ఆదరాబాదరా ఉప్పల్ వెళ్లి టెంట్‌హౌస్ ఉమామహేశ్వర్‌ని పట్టుకున్నాడు.

"కుర్చీలిస్త, మైకిస్త, స్టేజీ కడ్త. గానీ పార్ట్‌నర్ అన్నంక శాలువా కప్పాలె గద సార్," అన్నాడు ఉమామహేశ్వర్.

"తప్పకుండా కప్పుదామండీ!"

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. శాలువా కబురు పీర్జాదిగూడ దాటి నారపల్లి దాకా పాకింది. కర్రీపాయింట్ సూర్యకళ పార్ట్‌నర్. నారపల్లి ప్లాట్ల రాఘవేంద్ర పార్ట్‌నర్. మంచినీళ్ల ప్లాంటు, యోగా క్లాసు, కుక్కల డాక్టరు, అందరూ పార్ట్‌నర్లే. ముప్పై ఒక్కమంది దగ్గర ఆగింది, అదీ కొట్లో శాలువాలు అయిపోబట్టి.

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఎస్టోనియా నుంచి వచ్చిన మారె అనే అమ్మాయి చెల్లో మోసుకుంటూ కమ్యూనిటీ హాలు స్టేజీ ఎక్కబోయింది. చోటేదీ? ముప్పై ఒక్క కుర్చీలూ నిండిపోయాయి. పాపం, ఆ పిల్లను కింద కూలర్ పక్కన కూర్చోబెట్టారు. శాలువా కప్పించుకున్నవాళ్లు రెండు ముక్కలు మాట్లాడాలా వద్దా? రెండు ముక్కలంటే మన దగ్గర ఐదు నిమిషాలకు తక్కువ కాదు. రాఘవేంద్ర సంగీతానికి హద్దుల్లేవని మొదలుపెట్టి, తన తూర్పు ముఖం ప్లాట్ల హద్దులు వివరించి కూర్చున్నాడు. మారెకు కప్పడానికి శాలువా లేకపోతే సూర్యకళది తీసి కప్పారు. ఫోటో అయ్యాక సూర్యకళ తనది తను తీసేసుకుంది.

ఏడూ నలభైకి హాలు చూసుకునే సాలమ్మ తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. "ఎనిమిదింటికి హాఫ్‌శారీ ఫంక్షనోళ్లొస్తున్రు. జల్ది ఖాళీ జెయ్యున్రి!"

ఇంకా వందన సమర్పణ మిగిలింది. కామరాజు చేతిలో ముప్పై ఒక్క పేర్ల జాబితా, ప్రతి పేరుకీ ముందో బిరుదు. చదివితే ఇరవై నిమిషాలు. ఆయన జాబితా చూశాడు, ఆ పిల్ల మొహం చూశాడు. జాబితా మడిచి జేబులో పెట్టుకుని, మైకు కట్టేసి, కిందికి దిగి కూలర్ ఆపి, "వాయించమ్మా," అన్నాడు ఇంగ్లీషులో. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కమాను తీగను తాకిందో లేదో, ఉమామహేశ్వర్ శాలువాతో సహా దూకి వచ్చి ఆయన ఎడమ పక్కన చేరాడు. "ఏంది సార్ గిది? నా పేరు జదవకుండ ఎట్ల?" అంతే, చెల్లో మాయం. చెవినిండా ఉమామహేశ్వరే. కామరాజు మర్యాదగా లేచి, కుర్చీ అవతలికి జరుపుకుని, ఆయనకు కుడిచెవి అప్పగించాడు.

అవతల ఆయన వేలు ఆడిస్తూ అరుస్తున్నాడు. ఈయన ప్రతిదానికీ నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఎడమచెవిలో మాత్రం అబ్బ, ఆ నాదం! తీగ మీద కమాను రాసుకునే గరగర కూడా వినిపిస్తోంది, రేడియోలో ఎన్నడూ వినిపించనిది. ఆనందం పట్టలేక కామరాజు కళ్లు ధారలు కట్టాయి. అది తన మాటల ప్రభావమే అనుకుని ఉమామహేశ్వర్ మెత్తబడి భుజం తట్టాడు.

"దేనికి తల ఊపారో తెలుసా?" అంది భార్య సత్యవేణి ఇంటికెళ్లాక. "వచ్చే ఆదివారం మన డాబా మీద ముప్పై ఒక్కమందికీ మళ్లీ సన్మానమట, భోజనాలతో!"

"అలాగే," అన్నాడు కామరాజు.

ఒక్కసారి వింటే చాలు, ఆ తర్వాత చెవి పోయినా బెంగలేదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. చాల్లేదు. విన్నాకే తెలిసింది పోబోయేదేమిటో. మర్నాడు పొద్దున కాఫీ ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, మొహం కడుక్కుని సంస్థకు ఫోను చేసి, ఆ వెంటనే ఉమామహేశ్వర్‌కి చేశాడు.

"ఆ అమ్మాయి ఇంకో నెల ఇక్కడే ఉంటుందటండీ. ఈసారి ఎంతమందికి కప్పుదాం?"