పరదా బండి, తెల్ల బూట్లు

ఏ.ఎస్. రావు నగర్‌లో మా అబ్బాయి ఇంటి బాల్కనీలో మనవరాలి తెల్ల బూట్లకు పాలిష్ పూసి ఆరబెడితే చాలు, ఆ తడి సుద్ద వాసనకు నా కడుపులో ఇప్పటికీ సన్నగా మంట లేస్తుంది. ఇంత వయసొచ్చాక ఒక జత బూట్లను చూసి కుళ్లుకోవడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. వచ్చే జూన్‌లో పిల్లను హైస్కూల్లో చేర్చాలి. నెల రోజులుగా ఇంట్లో అదే చర్చ. కోడలు రంగురంగుల కాగితాలు పరిచి ప్రైవేటు బడి అంటుంది, అబ్బాయి తాను చదివిన సర్కారు బడికేం తక్కువంటాడు, చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి నువ్వు చెప్పమంటారు. ఈ విషయంలో నా తీర్పు న్యాయంగా ఉండదని నాకు తెలుసు.

మా ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో, మెట్లబావికి రెండు సందుల అవతల. నాయన సర్కారు దఫ్తరులో గుమాస్తా. ఆ రోజుల్లో దఫ్తరు భాష ఉర్దూ, కొలువు కావాలంటే ఉర్దూ, కోర్టుకెక్కాలన్నా ఉర్దూనే. చెల్లెలు విమల నాకన్నా ఏడాదిన్నర చిన్నది. టైఫాయిడ్ వచ్చి నేను ఒక ఏడు వెనకబడటంతో ఇద్దరం ఒకేసారి హైస్కూలు గడప దగ్గరికి వచ్చాం. పోలీస్ యాక్షన్ జరిగిన ఏటి ఎండాకాలమది. వాకిట్లో ఆవాలు, మెంతులు, కొత్త కారం ఘాటు, చాప మీద ఆరుతున్న మామిడి ముక్కలు, వాటి మీద వాలే ఈగలను తాటాకు విసనకర్రతో తోలుతూ మేమిద్దరం కూర్చుని ఉండగా, నాయన తలపాగా తీసి మేకుకు తగిలించి, పెద్దది సర్కారు బడికి, చిన్నది మిషన్ బడికి అని చెప్పేశాడు.

"ఒక్క కడుపున పుట్టినోళ్లకు రెండు బడులేంది?" అంది అమ్మ, కారం చేతులు గాల్లోనే ఆపి.

"నాకు తెల్సులే. నువ్వు ముక్కలు కలుపు," అన్నాడు నాయన.

కారణం చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను, చెల్లెలంటేనే ఆయనకు ముద్దు అని.

మిషన్ బడికి నీలం గౌను, రెండు జడలకు తెల్ల రిబ్బన్లు, అన్నిటికీ మించి తెల్ల గుడ్డ బూట్లు. శనివారం సాయంత్రం విమల సుద్ద నానబెట్టి, పాత పంచె ముక్కతో వాటికి పూసి పెరటి బావి గోడ మీద ఆరబెట్టేది. వాళ్ల బడిలో పియానో ఉందట, క్రిస్మస్‌కు ఎండుద్రాక్ష కేకు పెడతారట, టీచర్లను మిస్ అనాలట. ఆ 'అట'లన్నీ వింటూ నేను కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని. నాకు మాత్రం పరదా బండి. సర్కారు ఆడపిల్లల బడి పంపే ఎడ్లబండి అది, నాలుగు వైపులా మందపాటి గుడ్డ కట్టి ఉండేది. ఆయా హమీదా బీ పొద్దున్నే సందు మొదట్లో నిలబడి బండి వచ్చిందని కేక వేస్తే, చెక్క పలకకు రాత కోసం పూసిన ముల్తానీ మట్టి ఆరీ ఆరకముందే పలకను చంకన పెట్టుకుని పరుగెత్తి ఆ చీకట్లోకి ఎక్కేదాన్ని. లోపల గడ్డి వాసన, ఎవరి ఒంటిదో అత్తరు వాసన, ఎవరి డబ్బాలోదో ఖిచిడీ వాసన. హమీదా బీ మంచిదే, కుదుపులు ఎక్కువైన రోజు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. అయినా నా కన్ను పరదా చినుగు దగ్గరే. అందులోంచి చూస్తే ఎండలో విమల నడుస్తూ కనిపించేది, తెల్ల బూట్లతో, చేతులూపుకుంటూ.

సాయంత్రం నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. గుమాస్తాలు గబగబా రాసే చేతిరాత ఒకటుంటుంది, శికస్త అంటారు. చుక్కలుండవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతాయి, ఉర్దూ వచ్చినవాళ్లు కూడా అందరూ చదవలేరు. నాయన అదొక్కటే రాసేవాడు. తన రాతను నాతో కూడబలుక్కుని చదివించేవాడు, తప్పితే నవ్వేవాడు, చదివితే జేబులోంచి ఒక పటికబెల్లం ముక్క. విమలేమో గదికి అటు పక్కన వేరే దీపం పెట్టుకుని, ఇంట్లో ఎవరికీ రాని ఇంగ్లీషును ఒక్కతే వల్లె వేసేది. ఆ దీపం నాకు అప్పుడు కనిపించలేదు. నాకు కనిపించిందల్లా గుమ్మం పక్కన బూట్లు.

వినాయక చవితి ఉండ్రాళ్లు ఇంకా అయిపోకముందే నేనొక పాడు పని చేశాను. నా దవాతులోని నల్ల సిరాను కుడికాలి బూటులో పోశాను. విమల ఎంత సుద్ద రుద్దినా అది బూడిద రంగుకు తిరిగింది తప్ప పోలేదు. బడిలో దాన్ని వరుసలోంచి బయటికి తీసి నిలబెట్టారట.

"ఎవరు పోసిండ్రు?" అన్నాడు నాయన, నా వేళ్ల మీది మరకలు చూస్తూనే.

"నా చేతులకెళ్లే పడ్డది నాయినా," అంది విమల.

అది నన్ను కాపాడినందుకు నాకు ఇంకా మండింది. ఆ సాయంత్రం నాకు పటికబెల్లం దొరకలేదు, అంతే.

ఆ తర్వాత రెండు మూడు రోజులకే విమానాల మోత. తలుపులు బిగించుకుని, పప్పూ ఊరగాయతో పూటలు గడుపుతూ, పెద్దవాళ్లు పక్కింటి రేడియో కోసం గోడకు చెవులానించి కూర్చున్నారు. "ఏం రాజ్యమొస్తదో, మన కొలువులేమైతయో," అని నాయన వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. నేనూ విమలా గదిలో గచ్చకాయలాడుకునేవాళ్లం. బడులు మూతపడ్డాయి, బూట్లకు దుమ్ము పట్టింది, బండి రాలేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఊరంతా వణికిన ఆ నాలుగైదు రోజులే నా చిన్నతనంలో నేను ఎవరి మీదా ఏడవని రోజులు.

బడులు తెరిచాక బండి వచ్చింది గానీ హమీదా బీ రాలేదు. తమవాళ్ల దగ్గరికి వెళ్లిపోయిందన్నారు. ఎందుకని అడిగే తెలివి నాకు లేదు, అడిగినా పెద్దలు చెప్పే రోజులు కావు. మెల్లగా దఫ్తరుల బోర్డులు మారాయి, దరఖాస్తుల భాష మారింది. ఓడలు బళ్లు కావడమంటే ఏమిటో నేను పరదా బండిలో కూర్చునే చూశాను. విమల ఇంగ్లీషు దాన్ని కాలేజీకి, అక్కడినుంచి పెద్ద కొలువుకు తీసుకుపోయింది. నా ఉర్దూ నాకు పాత దుకాణాల పేర్లు చదవడానికి పనికొచ్చింది. నా పెళ్లికి చీర కొన్నది విమలే, మా అబ్బాయి చదువులో చేయి వేసిందీ విమలే. తీసుకున్న ప్రతిసారీ కుళ్లుకుంటూనే తీసుకున్నాను.

నాయన పోయిన చాలా ఏళ్లకు, వరంగల్‌లో పెదనాయన పెట్టెలో దొరికిందని ఒక ఉత్తరం పట్టుకుని విమల నా దగ్గరికొచ్చింది. నాయన రాత. విమలకు అందులో ఒక్క ముక్క తెలియదు, చదవగలిగినదాన్ని నేనొక్కతినే మిగిలాను. మా బడుల సంగతి అన్నకు రాశాడు నాయన. ఏ రాజ్యమొచ్చినా ఇద్దరిలో ఒకరి చదువైనా అక్కరకొస్తుంది, ఆ పిల్ల రెండోదాన్ని చూసుకుంటుంది, అందుకే చెరో బడిలో వేస్తున్నానన్నాడు. అంతవరకు పైకి చదివాను. కింద ఇంకో మాట ఉంది. "చిన్నదానికి గుండె ధైర్యం ఎక్కువ. తెలియని భాషలోకి ఒక్కతే పోగలదు. పెద్దదానికి అంత ధైర్యం లేదు, అందుకే నా పక్కన పెట్టుకుంటున్నాను."

ఆ మాట పైకి చదవకుండా కాగితం దించాను.

"నా గురించి ఏమన్న రాసిండా అక్కా?"

"ఇద్దరి గురించి కలిపే రాసిండు. అంతే."

విమల కాసేపు ఆ గీతలకేసి చూసి కాగితం మడిచింది. "పొద్దూకినంక రోజు నిన్నే కూసోబెట్టుకునేటోడు. గీ కాయిదంలనన్న నాకు ఒక్క మాట ఉంటదనుకున్న," అంది. ఉత్తరం నా దగ్గరే వదిలేసి వెళ్లింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

పరదా బండ్లు పోయాయి, ముల్తానీ మట్టి పలకలు పోయాయి, శికస్త చదివేవాళ్లు మా వాళ్లలో నాతో సరి. విమల పోయి కూడా నాలుగేళ్లు. నిన్న కోడలు మళ్లీ బడి సంగతి ఎత్తితే, లేచి వెళ్లి ఆ ఉత్తరం తెచ్చాను. ఏ బడో చెప్పలేనుగానీ, ఎందుకు వేస్తున్నారో పిల్లకు మాత్రం చెప్పి వేయండి అన్నాను.

"చీమలు పాకినట్టుంది, ఏం రాసుంది నానమ్మా?" అంటూ మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది.

మొదటిసారి, ఒక్క ముక్క దాచకుండా మొత్తం పైకి చదివాను.

"చిన్న నానమ్మకు ఇది తెలుసా?" అంది.

బాల్కనీలో బూట్లు ఆరిపోయి ఉంటాయి, తెచ్చి లోపల పెట్టుకోమన్నాను.