అచ్చులో పెద్దాయనకు పూలదండ

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు గోడకెక్కే బొమ్మలు రెండే రకాలు: దేవుళ్లవి, పోయిన పెద్దలవి. ఇది తెలిసి కూడా గోడ నిండా మనుషుల ముఖాలు తగిలించబోయిన నా తెలివిని ఏమనాలి? రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక చిన్న మ్యూజియంలో నాకు మొదటి ఉద్యోగం. మా పైఅధికారిని చాటుగా రాళ్ల సారు అనేవాళ్లం (శాసనమో, పోరులో పడిన వీరుడికి నిలిపిన వీరగల్లో కాకపోతే ఆయన లెక్కలో అది వస్తువే కాదు). గుమ్మఘట్ట నుంచి వచ్చే అచ్చులన్న చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవాడు. ఆ ప్రింట్లంటే నాకు పిచ్చి. మ్యూజియానికి తీసుకుందామంటే సారు ఒప్పుకోరు. "ఒక్క చెక్కతో ఎన్నయినా తీస్తాడంటాండావు. జిరాక్సులకు మ్యూజియమెందుకప్పా?" చేత్తో తీసిన ప్రతి అచ్చూ అసలు బొమ్మేనని నేను ప్రాణం తీయగా తీయగా చివరికి దిగొచ్చారు. "సరే, ప్రదర్శన పెట్టు. జనానికి పడితే తీసుకుందాం. లేదంటే మళ్లా ఈ మాటెత్తొద్దు."

అన్నిట్లోకీ పెద్ద బొమ్మ అచ్చులన్న పెదనాయనది. తలకు రుమాలు, ముఖం నిండా ముడతలు, అంతా నలుపు తెలుపు. దాన్ని తలుపుకెదురుగా తగిలించి, కిందనే ప్రారంభోత్సవానికి దీపం పెట్టాను (కొంప మునిగింది అక్కడే). ముఖ్య అతిథిగా వచ్చిన లీడరు పొద్దుట్నుంచి రెండు సంతాప సభలు చూసుకుని వచ్చాడు. ఎదురుగా ముసలాయన పటం, ముందర దీపం. ఇంకేముంది, మేము వేసిన దండ తీసి బొమ్మకు వేసేశాడు. "ఇట్లాంటి పెద్దమనిషి మళ్లా పుట్టడు. అందరూ లేసి రెండు నిమిషాలు మౌనంగా ఉండండప్పా!"

హాలంతా లేచింది. వెనక వరుసలో ఉన్న పెదనాయన కూడా లేచాడు, పాపం, రుమాలు తీసి చంకలో పెట్టుకుని మరీ. పక్కనున్న నన్ను మెల్లగా అడిగాడు: "ఎవురప్పా పోయినారు?"

నోట్లో చేతిగుడ్డ కుక్కుకుని బొమ్మ వైపు చూపించాను. ఆయన కళ్లు చిట్లించి చూసి, ఒక్క కేక పెట్టాడు. "ఏమప్పా! నేనీడనే ఉండా! పొద్దున సంగటి తినే వచ్చినా!"

తర్వాత హాల్లో ఎవరికీ నవ్వు ఆగలేదు. లీడరు కుర్చీ పట్టుకుని మరీ నవ్వాడు. పెదనాయన దర్జాగా నడిచిపోయి, బొమ్మ మీది దండ తీసి తన మెడలో వేసుకున్నాడు. "బతికుండంగనే ఏసినారు, వాసన సూడనీండి." నా ప్రాణం మాత్రం రాళ్ల సారు ముఖంలో ఉంది. ప్రదర్శన నవ్వులపాలైంది, ప్రింట్లు ఇక మ్యూజియం గడప తొక్కవు అనుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి అన్నారు: "నా వీరగల్లు ముందర ఇంతవరకు ఒక్కడూ లేసి నిలబడలేదు. నీ జిరాక్సుకు హాలంతా లేసింది. తీసుకుందాం పోప్పా!"

పెదనాయన నిజంగానే పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఆ హాల్లో, ఆ బొమ్మ ముందర ఒంటరిగా నిలబడ్డాను, అప్పట్లో సగంలో ఆగిపోయిన మౌనం పూర్తి చేద్దామని. నిమిషమైనా గడవకముందే నవ్వొచ్చేసింది. తల నెరిసినా బుద్ధి మారలేదు. ఒకసారి వెనక్కి తిరిగి కూడా చూశాను, రుమాలు చంకలో పెట్టుకుని ఆయన ఎక్కడైనా నిలబడి ఉన్నాడేమోనని.