వెనకవైపు పేర్లు

గోల్‌కీపరమ్మకు గోల్‌కీపర్లంటే పిచ్చి అని ఆ వీధిలో అందరూ అనుకుంటారు. అదంతా ఉత్తమాట. చిన్నప్పుడు బిస్కెట్ ప్యాకెట్లలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు వచ్చేవి. గోల్స్ కొట్టేవాళ్ళ కార్డులన్నీ మగపిల్లలు ఎగరేసుకుపోయేవారు. ఆడపిల్లకి ఈ కార్డులెందుకని ఒకడు నవ్వేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరికీ అక్కర్లేక మెట్ల మీద పారేసిన గోల్‌కీపర్లందర్నీ ఏరి గౌను ఒడిలో పోసుకుని, "వీళ్ళంతా నావాళ్ళు. రేపు మీకు కావాలంటే నన్నే అడగాలి" అని తెగేసి చెప్పింది. అప్పుడామెకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు యాభై ఎనిమిది నిండాయి. ఆ తిక్క మాత్రం అలాగే ఉంది.

బతుకుతెరువు బైండింగు పని. రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండే గది. ఒక మూల ఇనుప ప్రెస్సు, దాని కింద నలుగుతున్న ఆఫీసు రిజిస్టర్లు, గోడవారగా లైబ్రరీ నుంచి వచ్చిన చిరిగిన పుస్తకాలు. గదంతా మైదా జిగురు వాసన. ఆదివారం పొద్దున మాత్రం కాగితాలు కోసే పెద్ద బల్ల ఖాళీ అయ్యేది. చుట్టూ పదకొండు కుర్చీలు పడేవి. కార్డులు పోగుచేసే వాళ్ళంతా ఆల్బమ్‌లు చంకన పెట్టుకుని వచ్చేవారు. ముప్ఫయ్యేళ్ళుగా అదే తంతు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. డబ్బు మాట ఎత్తకూడదు. కార్డుకి కార్డే. కార్డు చేతులు మారినప్పుడల్లా పుచ్చుకున్నవాళ్ళు దాని వెనక పెన్సిల్‌తో ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో రాసి, తారీఖు వెయ్యాలి. కొన్ని కార్డులకు వెనక చోటు చాలక అక్షరాలు చీమల బారులా అంచుల చుట్టూ తిరిగేవి. ముందువైపు ఆటగాడి బొమ్మకంటే ఆ వెనకవైపు చదువుకోవడమే వాళ్ళకు ఎక్కువ సరదాగా ఉండేది.

తర్వాత వేలాలొచ్చాయి. ఎక్కడో ఒక పాత కార్డు ఇంటి ధర పలికిందని పేపర్లో పడింది. అంతే, అందరికీ కళ్ళు నెత్తికెక్కాయి. కార్డుల్ని ఎవరికో పంపితే వాళ్ళు పదికి ఇన్నని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారట. "మనం బళ్ళో తెచ్చుకున్న మార్కులు చాలవా, పాపం వీటికి కూడానా" అంది గోల్‌కీపరమ్మ. ఎవరూ నవ్వలేదు. మందుల షాపాయన చేతులకు తొడుగులు వేసుకుని, ఆపరేషన్‌కి వచ్చిన డాక్టర్లా కూర్చోవడం మొదలుపెట్టాడు. కార్డు మార్చుకుందామంటే, "ఉండండి, ఇది ఎంత పలుకుతోందో ఫోన్‌లో చూసి చెప్తా" అనేవాడు. పదకొండు కుర్చీలు ఆరయ్యాయి.

ఆ ఆరుగురి మధ్యకి ఒకనాడు వేలం కంపెనీ మనిషి వచ్చాడు. నున్నటి బూట్లు, అంతకంటే నున్నటి మాటలు. వేలంబాబు అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. అందరి ఆల్బమ్‌లూ తిరగేసి రెండు కార్డుల దగ్గర ఆగాడు. ఒకటి రిటైరైన పోస్ట్‌మాస్టరుగారిది. రెండోది గోల్‌కీపరమ్మది. అందులో ఒక బక్కపలచటి కుర్రాడు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఫొటో తీసినవాడు అది కూడా చూసుకోలేదు, అంత చిన్న జట్టు అది. ఆ కుర్రాడే తర్వాత అంతటి గోల్‌కీపర్ అవుతాడని ఎవరు కలగన్నారు? ఆ కార్డు మొదట ఆమె తమ్ముడిది. అతని దగ్గర్నుంచి ఆమెకొచ్చి, ఏడు చేతులు తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికే చేరింది.

"అమ్మగారూ, వెనక ఈ రాతలే లేకపోతే దీని ధర నేను చెప్తే మీరు నమ్మరు" అన్నాడు వేలంబాబు. "పాత పుస్తకాల మీద మరకలు తీసే చెయ్యి మీది. మీకిదెంత పని?"

ఆమె తన కార్డు ఇవ్వలేదు. కానీ పోస్ట్‌మాస్టరుగారు, "నాది తుడిచిపెట్టు చెల్లెమ్మా, అమ్మేస్తాను" అంటే కాదనలేకపోయింది. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, మెత్తటి రబ్బరుతో, కాగితం పొర లేవకుండా తుడిచింది. వేలుపెట్టి చూస్తే గీత కూడా తగల్లేదు. పనితనానికి లోలోపల మురిసిపోయింది కూడా. అక్కడే పొరపాటు చేసింది.

కార్డు అమ్ముడుపోయింది. మూడు ఆదివారాల తర్వాత పోస్ట్‌మాస్టరుగారు వేలం కంపెనీవాళ్ళు అచ్చేసిన పుస్తకం పట్టుకొచ్చారు. అందులో ఆయన కార్డు రెండువైపులా ఫొటోలు ఉన్నాయి. వెనకవైపు తెల్లగా ఉంది. ఆయన ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టారు.

"చెల్లెమ్మా, తుడిచేముందు ఆ పేర్లు ఎక్కడైనా రాసిపెట్టావా?"

"లేదన్నయ్యా. ఎందుకు?"

"నాలుగో పేరు మీ వదినది. తనే రాసింది. నాకు ఉత్తరం రాయాల్సిన అవసరం తనకెప్పుడూ పడలేదు కదా, ఒకే ఇంట్లో ఉన్నాం. తను పోయాక వెతికితే, తను రాసింది ఇంట్లో ఇంకేం దొరకలేదు." ఆయన పుస్తకం మూసేశారు. "నిన్ను అనడం లేదు. అడిగింది నేనే. అప్పుడు తట్టలేదు."

గోల్‌కీపరమ్మకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ వారమంతా ఏ రిజిస్టరు కుట్టినా కుట్టు వంకర పోయింది. మొదట తన మీద తనకే కోపమొచ్చింది. తర్వాత వేలంబాబు మీదకి మళ్ళింది. చివరికి ఆ కోపం ఎవరి మీదా కాకుండా అలాగే నిలిచిపోయింది. ఈ బల్ల మీద ఇంకొక్క పేరు కూడా చెరగనివ్వకూడదని నిశ్చయించుకుంది.

మరుసటి ఆదివారం తమ్ముడు ఆల్బమ్ చంకన పెట్టుకుని వచ్చాడు. బస్సు డ్రైవరు. వెనకాలే వేలంబాబు, చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం. వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారని చూస్తేనే తెలుస్తోంది.

"అక్కా, ఈ మొండితనం మానెయ్. ఆ కార్డు తుడిచి ఇచ్చెయ్. అసలది నాది. ఏడేళ్ళవాణ్ణి, మాయచేసి లాక్కున్నావు."

"నేను మాయచేశానా? ఈ కళ్ళు మూసుకున్నవాడు నాకొద్దని నేలమీద పడి దొర్లిందెవరు?"

"అప్పుడు చిన్నవాణ్ణి."

"సరే, నీదే. తీసుకుపో." ఆమె కార్డు తీసి బల్ల మధ్యలో పెట్టింది. మందుల షాపాయన తొడుగుల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "ఇక్కడి పద్ధతి నీకు తెలుసు. ఒక గోల్‌కీపర్ని పెట్టు, వెనక పేరు రాయి, తీసుకో."

తమ్ముడు నమ్మలేనట్టు చూసి, తన ఆల్బమ్‌లోంచి మూల విరిగిన గోల్‌కీపర్ని ఒకణ్ణి లాగి బల్ల మీద పెట్టాడు. పెన్సిల్ కోసం చెయ్యి చాచాడు. ఆమె పెన్సిల్ ఇవ్వలేదు. పుస్తకాల వీపు మీద పేర్లు రాసే నల్ల సిరా బుడ్డి, సన్నటి పాళీ కలం తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇవాళ్టినుంచి దీంతోనే. ఇది తుడిస్తే పోదు. నా తరం కూడా కాదు."

వేలంబాబు చటుక్కున ముందుకొచ్చాడు. "సార్, రాయకండి. సిరా పడిందంటే అది చిత్తుకాగితం."

తమ్ముడు కలం పట్టుకుని ఆగాడు. అతనికి ఆశ లేకపోలేదు. ఆ డబ్బుతో ఏమేం చెయ్యాలో దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూనే వచ్చాడు. గోల్‌కీపరమ్మకు భయమేసింది. కార్డు పోతుందని కాదు. వాడు కలం కింద పెట్టేస్తే ఈ బల్ల పని ఇక అయిపోయినట్టే. అయినా బతిమాలలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"మీ అక్కగారికి ఇవన్నీ తెలీవు సార్" అన్నాడు వేలంబాబు, నవ్వుతూ. "అట్టలు అంటించుకునే ఆవిడ, ఆవిడకేం తెలుస్తుంది. మీరైనా ఆలోచించండి."

తమ్ముడు తలెత్తాడు. "ఏంటీ?"

"అంటే, నేననేది..."

"మా అక్కని అనాలంటే నేననాలి. మధ్యలో నువ్వెవరివయ్యా? ఆమె దుకాణంలో నిలబడి రాయొద్దనడానికి నువ్వెవరివి?"

అతను కలం సిరాలో ముంచి కార్డు తిప్పాడు. అందులో అన్నిటికంటే పైన, ఏడేళ్ళప్పుడు రాసిన తన పేరే వంకరటింకరగా ఉంది. కాసేపు దాన్నే చూశాడు. అన్నిటికంటే కింద మిగిలిన చోట, అక్క దగ్గర్నుంచి తమ్ముడికి అని నిదానంగా రాసి తారీఖు వేశాడు. వేలంబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ సాగనంపలేదు.

పోస్ట్‌మాస్టరుగారు తన కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కుని, ఆల్బమ్ తెరిచారు. మందుల షాపాయన తొడుగులు విప్పి పక్కన పెట్టాడు.

"అక్కా" అన్నాడు తమ్ముడు, రాసిందే మళ్ళీ చూసుకుంటూ. "ఇంక దీన్నెవడూ కొనడు కదూ?"

"కొనడు."

"అయితే నీకే ఇస్తాను. ఏమిస్తావ్?"

"ముందు సిరా ఆరనివ్వరా" అంది గోల్‌కీపరమ్మ, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటూ. "ఆరాక బేరమాడదాం."